గేదె అండానికి దొరికిన ల్యాబ్ స్త్రీకి ఎందుకు దొరకదు?

ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) అంటే పది పన్నెండు రోజులు రోజూ ఒకే వేళకి పొట్టకి హార్మోన్ ఇంజెక్షన్, రెండు మూడు రోజులకో స్కాన్, అండాలు ఎన్ని పెరిగాయోనన్న టెన్షన్. ఈ భారంలో చాలా భాగం ల్యాబ్ మోయగలదు. పచ్చి అండాలనే తీసి, బయట పక్వం చేసే పద్ధతి పేరు ఐవీఎం. దాన్ని మెరుగుపరిచే పరిశోధనకి మన దేశం గట్టిగా డబ్బు పెట్టాలి.

ఈ ఆలోచన పాతదే. 1965లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్ మనిషి అండాలని శరీరం బయట పక్వం చేసి చూపించారు. చిక్కంతా తొందరతోనే. ఫాలికిల్ (అండాశయంలో అండం పెరిగే చిన్న సంచి) నుంచి బయటికి రాగానే అండం కేంద్రకం విభజన మొదలుపెట్టేస్తుంది, చుట్టూ ఉన్న కణద్రవ్యం మాత్రం ఇంకా సిద్ధపడదు. కార్బైడ్ వేసి మగ్గబెట్టిన మామిడిలా పైకి పండు, లోపల పచ్చి. అందుకే కాపా అనే కొత్త పద్ధతిలో మొదటి రోజంతా సీఎన్‌పీ అనే పెప్టైడ్‌తో (చిన్న ప్రోటీన్ లాంటిది) కేంద్రకాన్ని ఆపి ఉంచుతారు. ఆ వ్యవధిలో చుట్టూ అంటుకుని ఉన్న క్యుములస్ కణాలు అండానికి కావలసినవి అందిస్తాయి. ఆ తర్వాతే పక్వానికి వదులుతారు.

ఫలితాలు ఐవీఎఫ్ కన్నా తక్కువంటారు. నిజమే, 2020లో వెలువడిన వియత్నాం ట్రయల్‌లో బిడ్డ పుట్టినవాళ్లు ఐవీఎంలో నూటికి 35, ఐవీఎఫ్‌లో 43. కానీ హార్మోన్లు దాదాపు లేకుండానే 35! కీమోథెరపీ ముందు అండాలు దాచుకోవాలనుకునే అమ్మాయికి పది రోజులు ఆగే వీలే ఉండకపోవచ్చు. ఐవీఎంలో నెలసరిలో ఏ రోజైనా అండాలు తీయవచ్చు. పీసీఓఎస్ (అండాశయాల్లో చిన్న ఫాలికిల్స్ ఎక్కువగా ఉండే హార్మోన్ సమస్య) ఉన్నవాళ్లకి అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరే ముప్పూ దాదాపు ఉండదు.

నన్ను కలచివేసే విషయం వేరే ఉంది. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 1990లోనే ఐవీఎఫ్ గేదె దూడ పుట్టింది. కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లోంచి అండాలు తీసి, డిష్‌లో పక్వం చేయడం పశు పరిశోధనలో మామూలు పని. ప్రజల డబ్బుతో, పాల దిగుబడి కోసం ఇంత నేర్చుకున్నాం. స్త్రీల దగ్గరికొచ్చేసరికి చాలావరకు ప్రైవేటు క్లినిక్‌ల బేరం. ఆరోగ్య బీమా పాలసీల్లో సంతానలేమి చికిత్సకి మినహాయింపు ఇప్పటికీ మామూలే. పిల్లలు లేరన్న మాట పడేదీ ఆవిడే, నగలు కుదువపెట్టేదీ ఆవిడే.

పశు శాస్త్రవేత్తలనీ మన ఎంబ్రియాలజిస్టులనీ (ల్యాబ్‌లో అండాలూ పిండాలూ చూసుకునే నిపుణులు) ఒకే ప్రాజెక్టులో కూర్చోబెట్టండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ట్రయల్స్ మొదలుపెట్టండి. ముందు పీసీఓఎస్, క్యాన్సర్ పేషెంట్లకి, ఉచితంగా.