పేరు లేని పన్నెండు సీరియల్స్

మా మేనమామ దగ్గర ఒక బైండు పుస్తకం ఉండేది. పాత చందమామల్లోంచి 'రాకాసి లోయ' పేజీలన్నీ విడదీసి, నెలల వరసలో పేర్చి కుట్టించుకున్నాడు. కుట్టు దగ్గర కాగితం చిరిగిపోతే గోధుమరంగు కాగితం అతికించాడు. అట్ట మీద నీలం సిరాతో సీరియల్ పేరు పెద్దగా రాశాడు. రచయిత పేరు మాత్రం రాయలేదు, ఎందుకంటే ఆ పేజీల్లో ఎక్కడా అది లేదు.

ఆ రచయిత దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో గుంటూరు జిల్లా పెదగాదెలవర్రులో పుట్టారు. 1952లో మద్రాసు వెళ్లి చందమామలో చేరారు. 2006 దాకా, అంటే 54 ఏళ్లు, అక్కడే పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి పన్నెండు సీరియల్స్ రాశారు. కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, యక్షపర్వతం, మాయా సరోవరం... ఈ పేర్లు వింటేనే చాలామందికి ఇప్పటికీ చందమామ చిత్రకారుడు చిత్ర గారి బొమ్మలు కళ్లముందు కదులుతాయి. రాసిన మనిషి ఎవరంటే మాత్రం, చందమామవాళ్లే అనుకున్నాం.

ఇది మామూలు పొరపాటు కాదని నా అభిప్రాయం. సీరియల్ మీద రచయిత పేరు వేయకపోవడం పత్రిక పద్ధతి, ఆయన కూడా దానికి ఒప్పుకునే పనిచేశారు. కానీ తెలుగు నవల గురించి మాట్లాడేటప్పుడు ఆయన ఊసు రాకపోవడానికి అదొక్కటే కారణం కాదు. పిల్లల కోసం రాసింది సాహిత్యం కిందికి రాదన్న చిన్నచూపు మనలో ఉంది.

ఒక్కసారి ఆ కథల్ని పెద్దయ్యాక చదివి చూడండి. 'తోకచుక్క'లో కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పగ మధ్య ఇరుక్కుంటాడు. అతనికి మంత్రం రాదు. చేతిలో కత్తి, పక్కన కొద్దిమంది సైనికులు, కాస్త సమయస్ఫూర్తి, అంతే. 'శిథిలాలయం'లో శిఖిముఖి శబర యువకుడు, విక్రమకేసరి క్షత్రియుడు. ఇద్దరూ భుజం భుజం కలిపి నడుస్తారు, అవసరమైతే ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుంటారు. కులం గురించి ఉపన్యాసం ఒక్క వాక్యం ఉండదు. దాసరి గారు వ్యక్తిగతంగా హేతువాది. మంత్రాల్ని నమ్మని మనిషి ఇన్ని మాంత్రికుల కథలు ఎలా రాశారని కొందరు ఆశ్చర్యపోతారు. నాకైతే అందులో వింతేమీ కనిపించదు. ఆయన మాంత్రికులు భయపెడతారు, అత్యాశకు పోతారు, చివరికి ఆ ఆశే వాళ్లను ముంచుతుంది. గెలిచేది ధైర్యం ఉన్న మామూలు మనిషి.

ఇక నెలనెలా కథ ఆపే తీరు. గుహలోంచి గర్జన వినిపిస్తుంది, లేదా చెట్టు మీంచి ఎవరో దూకుతారు, అక్కడితో సరి. తర్వాతి సంచిక వచ్చేదాకా టెన్షనే. వాక్యాలు మాత్రం చిన్నవి, ఎనిమిదేళ్ల పిల్లాడు తడుముకోకుండా చదవగలిగినవి. ఆ తేలిక వెనక ఎంత శ్రమ ఉందో రాసేవాళ్లకు తెలుస్తుంది.

మధ్యలో యాజమాన్యం ఈ మాంత్రికుల కథలు పక్కనపెట్టి బంకించంద్రుడి 'దుర్గేశనందిని' లాంటి నవలలు వేసి చూసింది. పాఠకులు ఒప్పుకోలేదు. 'పాతాళదుర్గం'తో దాసరి గారు తిరిగొచ్చారు. పేరు తెలియని రచయితను పాఠకులు పట్టుబట్టి వెనక్కి తెచ్చుకున్నారు! ఇంతకంటే పెద్ద గుర్తింపు ఏ పురస్కారం ఇస్తుంది? పన్నెండో సీరియల్ తర్వాత మాత్రం చందమామలో ఆయన కొత్త సీరియల్ రాలేదు. మాంత్రికుల స్థానంలో పురాణగాథలు వచ్చాయి. ఆయన అదే ఆఫీసులో, అదే ఉద్యోగంలో కొనసాగారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ ఏళ్లే. అప్పట్లో ఆయన చేత ఇంకో నాలుగు నవలలు రాయించుకోగలిగేవాళ్లం.

2010 జనవరిలో విజయవాడలో ఆయన కన్నుమూశారు. ఆ సీరియల్స్ కొన్ని ఇప్పుడు ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి. బడి లైబ్రరీలు వాటిని కొనాలి. తెలుగు నవలా చరిత్ర రాసేవాళ్లు ఆయనకు ఒక అధ్యాయం ఇవ్వాలి.

మామయ్య బైండు ఇప్పుడు నా దగ్గరుంది. అట్ట మీద 'రాకాసి లోయ' కింద ఖాళీ ఉంటే, ఆయన పేరు నేను రాశాను.