పల్చగా ఉందని చక్కెర పెంచితే ఇంకా పల్చనవుతుంది

డబ్బాలో వచ్చే మాల్ట్ పాకంతో (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసింది) ఇంట్లో పులియబెట్టే కిట్ బీరు నీళ్లలా అనిపిస్తే చక్కెర ఇంకాస్త వేయమని ఒక వ్యాసంలో రాశారు. అది తిరగబడుతుంది. మామూలు చక్కెరని ఈస్ట్ మొత్తం తినేస్తుంది. ఆల్కహాల్ పెరుగుతుంది, చిక్కదనం మాత్రం రాదు. 1.7 కిలోల డబ్బాకి చెప్పే కిలో చక్కెర బదులు మాల్ట్ పాకాన్ని ఎండబెట్టి చేసిన కిలో పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేయండి. లేదా 23 లీటర్లకి బదులు 20 లీటర్ల దగ్గర నీళ్లు ఆపేయండి, అన్నిటికన్నా తేలిక ఇదే. తీపి కావాలంటే 250 గ్రాముల లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర). దాన్ని ఈస్ట్ ముట్టుకోదు.

హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసన కోసం డబ్బాలోని పాకాన్ని మరిగించకండి, ఉన్న వాసన కూడా ఆవిరైపోతుంది. పులిసేటప్పుడు వచ్చే నురుగు అణిగాక 30–40 గ్రాముల హాప్స్ పెల్లెట్లు వేసి మూడు రోజులు ఉంచితే చాలు. చేదు పెరగాలంటే అది వేరే పని: కొంచెం పొడి మాల్ట్ కలిపిన నీళ్లలో హాప్స్‌ని విడిగా గంటసేపు మరిగించి కలపాలి.

ఏం మార్చినా ఏల్ అనే బీరు రకానికి వాడే ఈస్ట్‌ని 18–20 డిగ్రీల దగ్గరే ఉంచండి. 25 దాటితే ఘాటైన స్పిరిట్ వాసన వస్తుంది, రుచి కోసం పడ్డ తిప్పలన్నీ వృథా. మాల్ట్ పెంచితే పులవడానికి ఎక్కువ రోజులు పట్టొచ్చు కాబట్టి, హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత కొలిచే పరికరం) రీడింగ్ రెండు రోజుల తేడాతో ఒకేలా ఉంటేనే సీసాల్లో నింపండి. తొందరపడితే సీసాలు పేలతాయి.