చెప్పేది ఫోన్‌లో, చేసేది ల్యాబ్‌లో

ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పొచ్చని 2021 మేలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తన బ్లెండెడ్ (కొంత తరగతిలో, కొంత ఆన్‌లైన్‌లో) బోధన ముసాయిదాలో ప్రతిపాదించింది. దీన్ని ‘వారానికి రెండు రోజులు కాలేజీకి రానక్కర్లేదు’ అని అర్థం చేసుకుంటే పని చెడినట్టే. 4 క్రెడిట్ల థియరీ పేపర్‌కు క్రెడిట్‌కు 15 గంటల చొప్పున 60 గంటలు. అందులో 40 శాతం అంటే 24 గంటలు. 15 వారాల సెమిస్టర్‌లో వారానికి గంటన్నర పైచిలుకు. ఆ గంటన్నరలో ఏం పెడతామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

గదిలో నలభై మందికి, ఫోన్లలో ఇరవై మందికి ఒకేసారి పాఠం చెప్పడం మాత్రం వద్దు. సార్ ల్యాప్‌టాప్ దగ్గర నుంచి బోర్డు వైపు నాలుగడుగులు వేయగానే గొంతు సన్నబడుతుంది, ఫ్యాను మోత మాత్రం తగ్గదు. వెనక బెంచీ ప్రశ్న ఇంట్లో ఉన్నవాడికి వినపడదు, జవాబొక్కటే వినిపిస్తుంది. గదిలోనే ఒకరు అదే క్లాసును స్పీకర్ మీద తెరిచారంటే ఇక కీచుమంటూ గోల. కాలర్ మైకు పెట్టుకుని, ప్రతి ప్రశ్ననూ తిరిగి చదివితే కొంత నయం. కానీ రెండు క్లాసులనూ ఒకే మనిషి మోయాలి, చివరికి రెండూ సగం సగమే నడుస్తాయి.

డేటా లెక్క కూడా చూడాలి. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున సాగే వీడియో గంటకు 450 ఎంబీ తాగుతుంది. మూడు క్లాసులయ్యేసరికి రోజుకు 1.5 జీబీ ప్యాకు దాదాపు ఖాళీ. అదే పాఠాన్ని 12 నిమిషాల ముక్కలుగా, 32 కేబీపీఎస్ ఆడియోగా చేసి స్లైడ్ల పీడీఎఫ్ జతచేస్తే ఆడియో ఒక్కోటి 3 ఎంబీ దాటదు. క్యాంపస్ వైఫైలో దింపుకుని దేవరకొండ బస్సులో వినొచ్చు. అచ్చంపేట అవతల సిగ్నల్ అందని నల్లమల చెంచు పెంట (గూడెం)లోని పిల్లకైనా పాఠం చేరే దారి ఇదొక్కటే. పత్తి ఏరే రోజుల్లో క్లాసుకు రాలేనివాళ్లకూ అక్కరకొస్తుంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆర్టీసీలో అమ్మాయిలకు చార్జీ బాధ లేదు, నిజమే. బస్సులో పోయే గంటలు మాత్రం అలాగే ఉన్నాయి.

మరి ఫోన్‌లోకి పోకూడనిదేది? ఒక ద్రావణంలో ఇంకొకటి చుక్కచుక్కగా కలిపి దాని గాఢత తేల్చే టైట్రేషన్ చూడండి. బ్యూరెట్ (గీతలున్న పొడవాటి గాజు గొట్టం)లో ద్రవం అడుగు వంపు దగ్గర కన్ను సమానంగా పెట్టి రీడింగ్ ఎలా తీయాలో మూడు నిమిషాల వీడియో చక్కగా చూపిస్తుంది, గదిలో వెనక నిలబడ్డవాడికి కనిపించేదానికన్నా బాగా. కానీ ఎడమ చేత్తో బ్యూరెట్ బిరడా తిప్పుతూ, కుడి చేత్తో ఫ్లాస్క్ ఊపుతూ, ఒక్క చుక్క దగ్గర ఆగడం చేతికి రావాలి. రంగుతో గుర్తు చూపే ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే అదే ఎండ్ పాయింట్, అంటే ఆపాల్సిన చోటు. ముదురు గులాబీ అయిందంటే చేయి దాటిపోయినట్టే, మళ్లీ మొదటికి. ఇది ఫోన్ తెర మీద ఎన్నిసార్లు చూసినా రాదు. వీడియో ముందే చూసి వస్తే ల్యాబ్‌లో వివరణ సమయం మిగులుతుంది, ఇంకో రెండు టైట్రేషన్లు చేయించొచ్చు.

హాజరును లాగిన్‌తో లెక్కిస్తే ఫోన్ జేబులో మోగుతుంటుంది, కుర్రాడు పొలంలో ఉంటాడు. పాఠం చివర ఐదు లెక్కలిచ్చి, అవి చేసి పంపితేనే హాజరు వేయాలి. స్కాలర్‌షిప్ హాజరుతో ముడిపడి ఉంది కాబట్టి ఈ నియమం సెమిస్టర్ మొదట్లోనే రాతపూర్వకంగా ఉండాలి.

అన్నిటికన్నా చిక్కు అధ్యాపకులది. 12 నిమిషాల పాఠానికి స్లైడ్లు, రికార్డింగ్, ఎడిటింగ్ కలిపి రెండు మూడు గంటలు తేలిగ్గా పడుతుంది. పాలమూరైనా నల్లగొండైనా పీరియడ్ లెక్కన డబ్బు తీసుకునే పార్ట్‌టైమ్ లెక్చరర్‌కు ఆ గంటలు ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కవు. పైగా ఒకసారి రికార్డు చేసిచ్చాక వచ్చే ఏడాది తన పీరియడ్లే తగ్గుతాయన్న భయం. ఒక్కో రికార్డింగ్‌ను ఎన్ని పీరియడ్లుగా లెక్కగడతారో, ఆ పాఠాన్ని ఎన్నేళ్లు వాడుకుంటారో పాఠాలు రికార్డు చేసే కెమెరాల టెండర్ పిలవకముందే తేల్చాలి.