కాళహస్తి నుంచి నేరుగా ఇంటికే

తిరుపతిలో సొంతిల్లు ఉందంటే సగం సత్రం ఉన్నట్టే. బంధువుల సంచులు మా హాల్లో ఉంటాయి, మనుషులు కొండమీద క్యూలో ఉంటారు. కొర్లగుంటలోని మా ఇల్లు బస్టాండుకు దగ్గర కావడం మా అమ్మకు పుణ్యం, మా ఆవిడకు పని.

ఈసారి మదనపల్లె నుంచి మా మామ వచ్చాడు, కొడుకును వెంటేసుకుని. వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ముప్పై రెండేళ్ళు వచ్చినా సంబంధం కుదరడం లేదు. ఎవరో జాతకం చూసి రాహుకేతువుల పని అని తేల్చారు.

నియమం అంటే మామకు ప్రాణం. ముందు తిరుమల, తర్వాత తిరుచానూరు, ఆఖర్న కాళహస్తి. ఈ వరస తప్పడానికి వీల్లేదు. తిరుమలలో కూడా ముందు పుష్కరిణి గట్టున వరాహస్వామిని చూశాకే వెంకటేశ్వరస్వామి. దానికైతే కారణం తెలుసు. స్థలం వరాహస్వామిది. ఉండడానికి చోటిచ్చినందుకు మొదటి పూజ, మొదటి నైవేద్యం ఆయనకే అని మాటిచ్చారు. అద్దెకున్న వాళ్ళకెవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. కొండమీద ఆడవాళ్ళు పూలెందుకు పెట్టుకోరంటే, అక్కడి పూలన్నీ స్వామివే అంటారు. అదీ సరే. కాళహస్తి సంగతే వేరు. రాహుకేతు పూజ చేయించుకున్నాక ఇంకో గుడికి పోకూడదు, ఇంకొకరింటికి పోకూడదు, తిన్నగా సొంతింటికే పోవాలి. ఎందుకని అడిగితే మా జిల్లా అంతటా ఒకటే జవాబు: "పోకూడదంతే."

శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర దాకా. తండ్రీకొడుకులు వెండి పడగలు, ఉలవలు, మినుములు ముందు పెట్టుకుని పూజలో కూర్చున్నారు. ఒంటిగంటకల్లా మా వీధిలోకి వచ్చారు. వచ్చి, గేటు బయటే ఆగిపోయారు.

"లోపలికి రారా, అన్నం చల్లారిపోతోంది" అంది అమ్మ.

"రాకూడదక్కా. సంచి ఇప్పించు చాలు, పోతాం."

"పొద్దున పోయేటప్పుడే తీసుకుపోయుంటే సరిపోయేది కదరా?"

"బరువని పెట్టేసి పోయినా."

మే నెల ఎండ. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. మావాడు ఫోను చూపించి "బావా, మూడు శాతమే ఉంది, ఒక్క పది నిమిషాలు లోపల ఛార్జింగ్ పెట్టుకుంటా" అన్నాడు. మామ ఒక చూపు చూశాడు. వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంతలో వీధి వీధంతా కదిలింది. గేటు దాటితే ఇంట్లోకి వచ్చినట్టా, గడప దాటితేనా? ఎదురింటి అవ్వ గేటే హద్దు అంది. ఇస్త్రీ బండి అతను గడపే అసలు లెక్కన్నాడు. బయటి మెట్ల మీదుగా మిద్దెపైకి పోతే ఇంట్లో అడుగు పెట్టినట్టు కాదు కదా అని పక్కింటి కాలేజీ కుర్రాడు అడిగాడు. మా ఊళ్ళో ఇంత లోతైన న్యాయవిచారణ కోర్టులో కూడా జరగదు.

కారణాలు కూడా తలొకటి బయటికొచ్చాయి. దోషాన్ని అక్కడ వదిలేసి వస్తాం, దారిలో ఎవరింట్లో దూరితే వాళ్ళకు అంటుకుంటుంది అని అవ్వ చెప్పింది. (అది విన్నాక, అంతవరకూ "రండి రండి" అంటున్న మా ఆవిడ గొంతు కొంచెం తగ్గింది.) గ్రహణం నాడు గుళ్ళన్నీ మూస్తారు, కాళహస్తి మాత్రం తెరిచే ఉంటుంది, అంత శక్తి ఉన్న చోటు చూశాక ఇంకో గుడి ఎందుకు అన్నాడు ఇస్త్రీ అతను. గుడి సంగతి సరే, అక్క ఇంట్లో అన్నం తినడానికేం అడ్డం అంటే దానికి ఆయన దగ్గర సమాధానం లేదు.

మావాడికి ఓపిక పోయింది. "నాన్నా, ఆ కాళహస్తిలోనే కదా కన్నప్ప ఉండింది. ఆయన ఏ రూలు పాటించాడు? నోట్లో నీళ్ళు తెచ్చి అభిషేకం చేశాడు, మాంసం నైవేద్యం పెట్టాడు, చెప్పుకాలు లింగం మీదే పెట్టాడు."

"నువ్వు కూడా కన్ను పీకి ఇచ్చేసి రా. రూల్స్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం."

నాకు మామ మాటే నచ్చింది. అయినా ఆ ఎండలో అతని పక్కన నిలబడే భక్తి నాకు లేదు.

చివరికి వేపచెట్టు కింద కుర్చీలేసి, వీధిలోనే విస్తళ్ళలో వడ్డించాం. వంద రూపాయలిస్తే హోటల్లో తిన్నట్టు అవుతుంది కదా, లోపలే కూర్చోవచ్చు అన్నాడు మావాడు. తమ్ముడి దగ్గర అన్నానికి డబ్బు తీసుకోమంటావా అని అమ్మకు కోపమొచ్చి, వాడికి రెండో సారి పప్పు వెయ్యలేదు.

తిన్నాక సంచి ఇచ్చాం. మామ జేబులు తడుముకున్నాడు. మదనపల్లె ఇంటి తాళాలు లేవు. అత్తేమో కూతురి కాన్పుకని బెంగళూరులో ఉంది. తాళాలు లేకపోతే నేరుగా పోవడానికి ఇల్లుండీ లేనట్టే.

"భద్రంగా ఉంటాయని లోపలే ఎక్కడో పెట్టినా" అన్నాడు.

ఎక్కడో గుర్తు లేదు. చూస్తే గుర్తొస్తుందన్నాడు. నా ఫోనులో వీడియో కాల్ కలిపి మా ఆవిడకిచ్చి లోపలికి పంపాను. అమ్మ ఫోను మామ చేతిలో ఉంది. బీరువా పైన లేవు. టీవీ వెనకాల లేవు. ఫ్రిజ్ మీద మాకు గత ఏడాది పోయిన టార్చిలైటు దొరికింది. మా ఆవిడ అలా తిరుగుతూ తిరుగుతూ దేవుడి గూటి ముందుకు వచ్చింది. ఫోను నిండా వెంకటేశ్వరస్వామి పటం.

మామ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. "గోవిందా!" అన్నాడు. అమ్మ ఫోను కింద పడింది. ఆ వెంటనే తన నోరు తనే మూసుకున్నాడు.

తాళాలు పటం వెనకాలే ఉన్నాయి.

కాళహస్తి తర్వాత ఇంకో దేవుడికి మొక్కేశానే అని మామ ముఖం పాలిపోయింది. ఫోనులో చూస్తే దర్శనం కాదు అంది ఎదురింటి అవ్వ. ఆమెకు ఫోను వాడటం రాదు గానీ తీర్పు మాత్రం గట్టిగా చెప్పింది. మామకు ప్రాణం లేచొచ్చింది. మూడు గంటల బస్సెక్కారు.

బస్సు భాకరాపేట కనుమ ఎక్కుతుండగా మామకు ఫోన్ వచ్చిందట. ఆర్నెల్లుగా ఏ సంగతీ చెప్పని పీలేరు సంబంధం వాళ్ళు. అబ్బాయి కూడా వెంట ఉన్నాడట కదా, దారిలోనే కదా మా ఊరు, దిగి ఇంటికొచ్చి అమ్మాయిని చూసి కాఫీ తాగి పోండి అన్నారట.

పూజ ఫలించింది. కానీ ఆ ఫలం ఇంకొకరింట్లో ఉంది.

మామ నీళ్ళు నమిలాడట. అవతల ఫోను అమ్మాయి అమ్మమ్మ తీసుకుందట. కాళహస్తి అన్న మాట చెవిన పడగానే "అయితే మా ఇంటికి రావొద్దు నాయనా, బస్టాండులోనే ఉండండి, మేమే వస్తాం" అందట. ఎందుకు, ఏమిటి అని ఒక్క ముక్క అడగలేదట.

పెళ్ళిచూపులు పీలేరు బస్టాండులో, ఫ్లాస్కు కాఫీతో జరిగాయి. మావాడి ఫోను అప్పటికే ఆగిపోయింది. అమ్మాయి నంబరు బస్సు టికెట్టు వెనకాల రాసుకున్నాడట.