నెట్టు కాలువకు దొంగ తూములొద్దు

కేసీ కాలువ కింద సేద్యం చేసే రైతుకు నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్ సమానత్వం అనే మాట తెలియకపోవచ్చు గానీ, ఆ మాట వెనకున్న సంగతి మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. సుంకేసుల దగ్గర తుంగభద్రలోంచి బయల్దేరిన నీళ్లు కడప దాకా పోవాలి. పైనున్నవాళ్లు రాత్రిపూట తూము ఎత్తేసుకుంటే, లేదంటే కాలువ తూములు చూసుకునే లస్కరును మంచి చేసుకుని నీళ్లు తమ వైపు మళ్లించుకుంటే, చివరి ఆయకట్టు రైతు తెల్లారి గట్టు మీద నిలబడి తడి ఇసుక చూసుకోవాల్సిందే. నీటి తీరువా అతనూ కట్టాడు.

నీళ్లు తక్కువైతే వంతులు వేస్తారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే ఎవరి వంతు ఎప్పుడో ఊరందరికీ తెలుసు. ఇంటర్నెట్‌లోనూ అంతే. రద్దీ ఎక్కువైనప్పుడు కంపెనీలు ట్రాఫిక్‌ను తగుమాత్రం సర్దుకోవచ్చని మన నిబంధనలే ఒప్పుకుంటున్నాయి. కానీ డబ్బిచ్చిన వెబ్‌సైట్‌ను పరుగెత్తించి, ఇవ్వనిదాన్ని నత్తనడక నడిపించడం, తనకు పోటీ అయిన యాప్‌ను తొక్కిపెట్టడం, ఇవి వంతులు కావు, దొంగ తూములు. డేటా ప్యాక్‌కు మనం డబ్బు కట్టేశాక అందులో పాఠం వింటామా, టమాటా ధర చూస్తామా, గల్ఫ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్ మాట్లాడతామా అన్నది మనిష్టం. లైను వేసినవాడికి అందులో ఏం పారుతోందన్న దానితో పనిలేదు, ఇంటర్నెట్ సమానత్వం అంటే ఇంతే.

ఇదేదో ఢిల్లీవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకునేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో ఉచిత నెట్ పథకాన్ని మన దేశంలో మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. అంటే ప్రయోగం మన మీదే జరిగింది. ఉచితమన్నారు గానీ అందులో దొరికేది మొత్తం నెట్ కాదు, వాళ్లు ఎంచి పెట్టిన కొన్ని సైట్లు మాత్రమే. విమర్శలు పెరిగాక అదే ఏడాది దాని పేరు ఫ్రీ బేసిక్స్‌గా మార్చారు, పేపర్ల నిండా పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చారు.

ఏమీ లేనివాడికి కొంచెమైనా దొరికితే నయం కదా అని అప్పుడు చాలామంది మంచి మనసుతోనే అన్నారు. ఆ మాటను తీసిపారేయలేం, ఎందుకంటే రీఛార్జ్‌కు డబ్బుల్లేక ఫోను ఊరికే పెట్టుకున్న ఇళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. అయితే అనంతపురం వేరుశనగ రైతును అడిగితే దీనికి జవాబు చెబుతాడు. అదునులో చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు వ్యాపారి విత్తనకాయలు అప్పుగా ఇస్తాడు, ఆ రోజుకు అది సాయమే. పంట వచ్చాక కాయలు ఆ వ్యాపారికే వేయాలి, తూకం అతనిదే, ధరా అతనిదే, పక్క మార్కెట్‌లో క్వింటాలు ఎంత పలుకుతోందో తెలిసినా నోరెత్తలేడు. నాలుగు సైట్లే ఇంటర్నెట్ అనుకుని పెరిగే పిల్లవాడి పరిస్థితీ ఇలాగే ఉంటుంది, పైగా తనకేం దక్కలేదో కూడా వాడికి తెలియదు.

ఇందులో మా స్వార్థం కూడా ఉంది, దాచుకోవడం దేనికి. జిల్లా పేపర్లు నడిపే వెబ్‌సైట్లకు ఏ టెలికాం కంపెనీతోనూ ఒప్పందం కుదుర్చుకునే తాహతు ఉండదు. పెద్దవాళ్ల సైటు ఉచితంగా తెరుచుకుని, మాది తెరిస్తే డేటా ఖర్చయితే, ఆదోని మార్కెట్‌లో పత్తి ధర గురించి మేం రాసిన వార్త ఎవరు చదువుతారు? ఇంట్లో చేసిన పచ్చళ్లు ఫోటోలు పెట్టి అమ్ముకునే కర్నూలు ఇల్లాలికీ, యూట్యూబ్‌లో లెక్కలు చెప్పుకుని బతికే నంద్యాల మాస్టారికీ ఇదే సమస్య.

అదృష్టవశాత్తూ అప్పుడు జనం ఊరుకోలేదు. 2015 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దీని మీద చర్చాపత్రం విడుదల చేస్తే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. మన దేశంలో ఒక టెలికాం నిబంధన గురించి మామూలు జనం అంతగా కదలడం అంతకుముందు చూడలేదు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ వేర్వేరు సైట్లకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది, దాన్ని మీరితే రోజుకు 50 వేల రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల దాకా జరిమానా. 2018 జులైలో టెలికాం శాఖ ఇంకో అడుగు వేసి, అడ్డుకోవడం, వేగం తగ్గించడం, కొందరికి ప్రాధాన్యం ఇవ్వడం కుదరదన్న సూత్రాలకు ఆమోదం తెలిపింది. అదే అమెరికాలో చూడండి, 2015లో తెచ్చుకున్న నిబంధనలను 2017లో తీసేశారు, 2024లో మళ్లీ తెచ్చారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. అంతటి దేశమే పదేళ్లుగా ముందుకూ వెనక్కీ ఊగుతుంటే, మన దగ్గర నిలబడ్డ రక్షణను మనం చేజార్చుకోకూడదు.

చేజారే ప్రమాదం ఉంది కాబట్టే ఇదంతా రాస్తున్నాం. తమ నెట్‌వర్క్ మీద ఎక్కువ ట్రాఫిక్ పంపే పెద్ద యాప్‌లు తమకు వాటా చెల్లించాలని టెలికాం కంపెనీలు కొన్నేళ్లుగా గట్టిగా అడుగుతున్నాయి. వినడానికి న్యాయంగానే ఉంటుంది, వాళ్లు కోట్లు సంపాదిస్తున్నారు, ఇస్తే ఏం పోయింది అనిపిస్తుంది. కానీ ఆ యాప్‌లోని వీడియో మన ఫోనుకు వచ్చింది మనం అడిగితేనే, దాన్ని తెచ్చిపెట్టినందుకు నెలనెలా రీఛార్జ్ కడుతున్నది మనమే. ఒకే బస్తాకు అమ్మినవాడి దగ్గరా కొన్నవాడి దగ్గరా బాడుగ వసూలు చేస్తే చివరికి ఆ భారం ఎవరి నెత్తిన పడుతుందో మార్కెట్ యార్డులో హమాలీని అడిగినా చెబుతాడు. దక్షిణ కొరియాలో ఇలాంటి నెట్‌వర్క్ రుసుములు ఉన్నాయి. అక్కడ ఖర్చులు మరీ ఎక్కువయ్యాయని ట్విచ్ అనే వీడియో సంస్థ 2024 ఫిబ్రవరిలో ఆ దేశంలో దుకాణం సర్దేసింది. ఈ డిమాండ్‌ను కేంద్రం ఒప్పుకోకూడదు.

ఇక కాలువలో నీళ్లే రాని, అంటే సిగ్నలే అందని ఊళ్ల మాట. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశం మొత్తానికి మొదలైంది మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2023 జనవరి నుంచి ఆ పనుల్లో హాజరంటే యాప్‌లో రోజుకు రెండు ఫోటోలు. ఎండలో కూలీలందర్నీ ఒకచోట నిలబెట్టి ఫోటో తీసి, అది అప్‌లోడ్ కాక, ఫోను పైకెత్తి పట్టుకుని గుట్ట ఎక్కే మేట్‌ను, అంటే కూలీల పని చూసే మనిషిని చూస్తే గుండె తరుక్కుపోతుంది. తెర మీద ఆ గుండ్రటి గీత తిరుగుతూనే ఉంటుంది, కింద ఆడవాళ్లు గంపలు బోర్లించుకుని దాని మీద కూర్చుని పైకి చూస్తుంటారు, ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి వస్తుందో రాదో అన్న టెన్షన్ వాళ్లది. రేషన్ దుకాణం దగ్గర ఈ-పాస్ మిషన్ ముందు వేలు పెట్టి నిలబడే ముసలివాళ్లదీ ఇదే తంతు. కూలి, బియ్యం, పింఛను, ఈ-క్రాప్ పంట నమోదు అన్నీ నెట్టుకు కట్టేసిన సర్కారు, ఆ నెట్టును ఊరికి తెచ్చే బాధ్యతను కంపెనీల లాభనష్టాలకు వదిలేయడం అన్యాయం.

డబ్బు లేదనడానికి వీల్లేదు. పల్లెలకు సేవలు అందించడం కోసమే టెలికాం కంపెనీల సర్దుబాటు ఆదాయంలో (కొన్ని మినహాయింపులు పోగా లెక్కకట్టే రాబడిలో) 5 శాతం సుంకం ఏళ్ల తరబడి వసూలవుతోంది, 2023 టెలికాం చట్టం ఆ నిధి పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. ఆ డబ్బుతో కర్నూలు, నంద్యాల, అనంతపురం, సత్యసాయి, కడప, అన్నమయ్య జిల్లాల్లో ఏ మండలంలో ఏ ఊరికి టవర్ వచ్చింది, ఏ ఊరికి మంజూరై ఆగిపోయింది, ఎందుకు ఆగిందో రాసి ప్రతి గ్రామ సచివాలయం గోడ మీదా అంటించాలి. మన ఎంపీలు ఈ లెక్కను పార్లమెంటులో అడగాలి, వచ్చిన జవాబును ఊరూరికీ పంపాలి. వాళ్లు పంపితే ఒక్క ఊరి పేరూ వదలకుండా మేం అచ్చువేస్తాం.