మా అజ్ఞానం మాకు తిరిగిచ్చేయండి

గౌరవనీయులైన 'సీక్రెట్ లైఫ్ ఆఫ్ మెషీన్స్' టీవీ కార్యక్రమం వారికి,

మీ బాధితులమంతా కలిసి రాసుకుంటున్న ఫిర్యాదు ఇది. 1988లో బ్రిటన్‌లోని ఛానల్ 4లో, ఇంటి మిషన్లను విప్పి లోపల ఎలా పనిచేస్తాయో చూపిస్తూ మీరు మొదలయ్యారు. వాక్యూమ్ క్లీనరు, కుట్టుమిషను, వాషింగ్ మిషను, ఫ్రిజ్, టీవీ, ఒకదాన్నీ వదల్లేదు. 1993 నాటికి మూడు విడతలు పూర్తిచేసి ఆఫీసుల్లోని లిఫ్టు, ఫోటోకాపీ మిషను పరువు కూడా తీశారు. టిమ్ హంకిన్, రెక్స్ గారోడ్ అనే ఇద్దరు మనుషులు, చేతికి అందిన పనిముట్లు, హంకిన్ గారే గీసిన బొమ్మలు. ఇంతే సరంజామాతో ఎన్ని సంసారాల్లో ప్రశాంతత పోగొట్టారో మీకు తెలుసా?

మీరు రాకముందు జీవితం హాయిగా ఉండేది. మిషను ఆగితే పైన రెండు చరుపులు చరిచేవాళ్లం. కదిలితే సరే, లేకపోతే కొత్తది కొనేవాళ్లం. ఇప్పుడు ఆగిన మిషను కనబడితే చాలు, చెయ్యి స్క్రూడ్రైవరు కోసం తడుముకుంటోంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం కుట్టుమిషను వల్ల జరిగింది. సూది కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది, కుట్టు పడుతుంది. దీనికి మించి తెలుసుకోవాల్సిన అవసరం ఎవరికుంది? కానీ చేత్తో కుట్టే సూదికి కన్ను వెనక ఉంటే, మిషను సూదికి మొన దగ్గరెందుకుందన్న అనుమానం మీ పుణ్యమా అని ఒకసారి బుర్రలో దూరింది. ఇక నిద్ర పట్టదు. కింది దారం చుట్టి ఉండే బాబిన్ మూత తీసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే తప్ప మనసు ఊరుకోదు. సూది పూర్తిగా దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేవగానే దారం దానితోపాటు లేవలేక, గుడ్డ ఒరుసుకుని, సూది వెనక చిన్న ఉచ్చులా ఉబుకుతుంది. సరిగ్గా అదే క్షణంలో తిరిగే హుక్కు మొన వచ్చి ఆ ఉచ్చులో దూరి, దాన్ని లాక్కెళ్లి బాబిన్ కేసు చుట్టూ తిప్పేస్తుంది. పై దారం కింది దారాన్ని చుట్టి వచ్చేసినట్టే. తర్వాత పైనున్న మీట దారాన్ని వెనక్కి లాగి ముడి బిగిస్తుంది. అమెరికాలో ఎలయాస్ హౌ 1846లో పేటెంటు తీసుకున్న కుట్టు ఇదే. ఇంత అందమైన దొంగతనం కళ్ల ముందు జరుగుతుంటే చొక్కా కుట్టడం మీద దృష్టి ఎలా నిలుస్తుంది?

పైగా ఇది తెలిశాక ఇంట్లోవాళ్లతో తగాదాలు. గుడ్డ కింద దారం గూడు కట్టుకుపోతే లోకమంతా బాబిన్‌నే తిడుతుంది, పాపం. తప్పు పైదారానిది. గుడ్డని నొక్కిపట్టే పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. పట్టు లేని దారాన్ని మీట వెనక్కి లాగలేదు, ఆ వదులంతా కిందే పోగుపడుతుంది. పాదం పైకెత్తి, దారం మొత్తం తీసి మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తే అయిపోతుంది. కుట్లు తప్పిపోతుంటే సూది చూడాలి: వంగిందా, లేక చదును వైపు తిరగేసి పెట్టారా? తిరగేస్తే ఉచ్చు అటు ఏర్పడుతుంది, హుక్కు ఇటు తిరుగుతుంది, ఇద్దరికీ భేటీ కుదరదు. ఇదంతా వివరించి చెప్పాక "అంత తెలిసినవాడివి నువ్వే కుట్టుకో" అని చొక్కా మొహాన కొట్టడం ఆనవాయితీ అయింది. ఆ బిల్లు మీ ఖాతాలోకే వస్తుంది.

వాక్యూమ్ క్లీనర్ సంగతికి వద్దాం. ఎవరింటికైనా వెళ్తాం. గొట్టం మూసుకుపోయి మోటారు కీచుమంటుంటుంది. "ఎంత గట్టిగా లాగుతోందో చూడండి" అంటారు ఇంటివాళ్లు గర్వంగా. మర్యాదస్తుడైతే తలూపాలి. మీరు చెడగొట్టిన మనిషి ఊరుకోలేడు. గాలి ఆడకపోతే ఫ్యానుకి తోయడానికేమీ ఉండదు, బరువు తగ్గుతుంది, అందుకే మోటారు మరింత వేగంగా తిరుగుతుంది, ఆ కీచు పనిలేనితనపు కీచు అని చెప్పేస్తాడు. అంతటితో ఆగితే బాగుణ్ణు. చాలా మోడళ్లలో ఆ గాలే మోటారుని చల్లబరుస్తుంది కాబట్టి సంచి నిండినా, ఫిల్టరు పూడినా వేడెక్కి దానంతటదే ఆగిపోతుందనీ, చల్లారే దాకా ఆగి, ఈలోగా అడ్డం తీసేస్తే మళ్లీ నడుస్తుందనీ కూడా చెబుతాడు. ఆ ఇంటినుంచి మళ్లీ పిలుపు రాదు.

ఫ్రిజ్ తలుపు తీసి పెడితే గది చల్లబడదు సరికదా, ఇంకాస్త వేడెక్కుతుందని చెప్పి ఎండాకాలపు ఆశ ఒకటి ఆర్పేశారు. క్వార్ట్జ్ గడియారంలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, దాన్ని వరసగా పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, ముల్లు ఒక అడుగు వేస్తుంది. సరే, ఈ రెంటినీ క్షమించాం.

క్షమించలేనిది తుప్పు సంగతి. ఇనుప తుప్పుని పొడిచేసి, అంటుకునే టేపు మీద రుద్ది, దాన్ని టేపు రికార్డరు తల మీదుగా లాగి మాట రికార్డు చేసి వినిపించారు! గరగరలాడుతూ వచ్చినా మాట మాటే. డబ్బు పోసి కొన్న క్యాసెట్లో ఉన్నది కూడా ప్లాస్టిక్ రిబ్బను మీద జిగురుతో పట్టించిన ఐరన్ ఆక్సైడ్ పొడే కదా అని తెలిశాక, తుప్పు పట్టిన మేకుని పారేయడానికి చేతులు రాక అటకలు నిండిపోయాయి.

చివరిగా వాషింగ్ మిషను. నీళ్లు ఎంతవరకు నిండాయో దానికెలా తెలుస్తుంది? తేలే బంతి ఉండదు, కన్ను ఉండదు. తొట్టి అడుగునుంచి సన్నని రబ్బరు గొట్టం ఒకటి పైదాకా వెళ్తుంది. నీరు పెరిగేకొద్దీ అందులో చిక్కిన గాలి నొక్కుకుని, పైనున్న స్విచ్చులోని పలచని పొరని తోస్తుంది, 'టక్'మని నీళ్లు కట్టేస్తుంది. ఆ గొట్టం అడుగున సబ్బు మడ్డి, నూలు చేరితే గాలి కబురు పైకి అందదు. మిషను తొట్టి ఖాళీగా ఉందనుకుని నింపుతూనే ఉంటుంది. గొట్టానికి సూదిబెజ్జమంత చిల్లి పడ్డా అదే వరస. ప్లగ్గు పీకి, గొట్టాన్ని తొట్టివైపు ఊడదీసి, నోటితో మెల్లగా ఊదితే పైన 'టక్' వినబడాలి. వినబడితే స్విచ్చు మంచిదే, అడుగున మడ్డి కడిగితే సరిపోతుంది. ఆ పని ముగిసేదాకా మీరు నేర్పింది ఎంత సుఖంగా ఉంటుందో!

కానీ ఈ సుఖం ఎక్కడ దొరుకుతోంది? ఇప్పటి మిషను ఆగితే 'ఇ-18' అని ఓ అంకె చూపించి మౌనవ్రతం పడుతుంది. చాలావాటిలో బయటి తొట్టి రెండు సగాలూ కరిగించి అతికించేశారు. లోపల బేరింగు ఒక్కటి పోతే తొట్టి మొత్తం మార్చాలి. స్క్రూలకు మూడు మూలల తలలు. మూత తీస్తే వారంటీ పోయిందని స్టిక్కరు. చూడటం నేర్పిన మీరు, చూడటానికి వీల్లేని కాలంలోకి మమ్మల్ని వదిలేశారు. ఇదీ మా అసలు ఫిర్యాదు.

హంకిన్ గారు పాత భాగాలన్నీ ఇంటర్నెట్లో పెట్టేసి మా గాయాన్ని మళ్లీ కెలికారు. కాబట్టి మా షరతులు ఇవి: తొట్టిని స్క్రూలతో బిగించేలా తయారీదారులకు మీరే నచ్చజెప్పండి. కుదరకపోతే, 'ఇ-18' అంటే ఏమిటో ఓ అరగంట భాగం తీయండి.

ఇట్లు,
మీ శాశ్వత బాధితులు

తా.క.: కొత్త వాషింగ్ మిషను బట్టలు పిండేటప్పుడు నడుచుకుంటూ గదిలోంచి బయటకు వచ్చేస్తోందని, ఏదో పట్టిందేమోనని ఒక బాధితురాలు వాపోతోంది. వెనకపక్క, దారిలో డ్రమ్ము కదలకుండా బిగించి పంపే మూడు నాలుగు పొడవాటి బోల్టులుంటాయి. అవి తీయకుండా నడిపితే స్ప్రింగులు పనిచేయవు, అదురంతా బాడీకే తగులుతుంది. వాటిని విప్పి, పారేయకుండా దాచుకోమన్నాం, ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాలి కాబట్టి. ఆవిడ ఇప్పుడు మా సంఘంలో చేరింది.