సన్‌రూఫ్ తెరకు సిరంజీతో గమ్ము ఎక్కించబాకండి

ఈ ఎండాకాలం మొదలైన కాడి నుంచి అదే మెసేజి తిరుగుతా ఉంది. కావలి గ్రూపులో అదే, ఒంగోలు గ్రూపులో అదే. "కారు పైఅద్దం కింద తెర జారిందా? యాభై రూపాయలు, అయిదు నిమిషాలు" అని మొదలుపెట్టి, అయిదు చిట్కాలు చెప్పి, పదిమందికీ పంపమంటుంది. పంపే ముందు ఒక్కరన్నా ఆ తెరను విప్పి చూశారా?

అసలు ఏ తెర గురించి చెబుతున్నాడో రాసినాయనకే తెలిసినట్టు లేదు. చిన్న సన్‌రూఫ్ కింద ముందుకీ వెనక్కీ జరిగేది గట్టి అట్ట. దాని మీద పల్చని స్పాంజి, ఆ మీద గుడ్డ. పెద్ద పనోరమిక్ అద్దం కింద ఉండేది చాలా కార్లలో రోలరుకు చుట్టుకునే గుడ్డ. మొదటిదాంట్లో గుడ్డ అట్టను వదిలేస్తుంది. రెండోదాంట్లో గుడ్డ అంచు పక్క గాడిలోంచి ఊడొస్తుంది, లేదా రోలరు స్ప్రింగు పట్టు తప్పుతుంది. రెంటికీ ఒకటే వైద్యం ఎట్లా కుదురుతుంది?

మొదటి చిట్కా, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి చేత్తో అదమడం. వేడికి ఊడినదాన్ని వేడితోనే అంటించాలట! సాయంత్రానికి నిలిచినట్టు కనిపిస్తుంది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ కిందికి వేలాడుతుంది.

రెండోదే ప్రమాదం. ఎస్ఆర్ గమ్ము (ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బరు గమ్ము) సిరంజీలో నింపి, గుడ్డకు బెజ్జం పెట్టి లోపలికి ఎక్కించి, అద్దాలన్నీ మూసి కారును నడిఎండలో నాలుగు గంటలు పెట్టాలట. ముందు ఆ గుడ్డను ఒక మూల ఎత్తి వేలితో లోపల రాయండి. పసుపుపచ్చ పొడి రాలుతుంది. వేడికీ మన సముద్రపు తేమకూ స్పాంజి చచ్చి పొడైపోయిందన్నమాట. ఇంక గమ్ము దేన్ని పట్టుకోవాలి? పొడినా? అదీగాక ఎస్ఆర్ రెండు వైపులా పూసి, అందులోని ద్రావకం ఆరి, వేలికి అంటని దశకు వచ్చాక కలిపితేనే పట్టుకునే జాతి. తడిగా లోపల బంధిస్తే ఆరదు. గుడ్డలోంచి గోధుమరంగు మరకలై బయటికి ఊరుతుంది. ఆ మరక ఇక పోదు. ఆ ద్రావకం నిప్పంటుకునే సరుకు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయనే ఊళ్లో, ఆ ఆవిరిని మూసిన కారులో నింపి, తర్వాత పిల్లల్ని ఎక్కించుకుని పొమ్మంటారా? ఇది చిట్కానా?

చేసే పద్ధతి వేరు. అట్టను బయటికి తియ్యాలి. చాలా కార్లలో ముందుగా పైఅద్దం స్క్రూలు విప్పితేగాని అది రాదు. పాత గుడ్డ లాగేసి, మూతికి మాస్కు కట్టుకుని, నైలాన్ బ్రష్షుతో స్పాంజి పొడి మొత్తం రాల్చాలి. ఇనప బ్రష్షు అట్టను చీరేస్తుంది. పొడి ఎక్కడ మిగిలితే అక్కడే మళ్లీ బుడగ లేస్తుంది. 3 మిల్లీమీటర్ల స్పాంజి అతికించి వచ్చే రూఫ్ గుడ్డ మీటరు కొంటే చాలు. 5 మిల్లీమీటర్లది తెస్తే తెర గాడిలో ఇరుక్కుంటుంది. చుట్టూ అయిదు సెంటీమీటర్లు ఎక్కువ వదిలి కత్తిరించాలి. గమ్ము మాత్రం కారు రూఫ్ లైనింగుకని అమ్మే, వేడికి ఆగే స్ప్రే. నీడలో, గాలి ఆడేచోట, రెండు వైపులా పల్చగా రెండు కోట్లు. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, నడిమి నుంచి అంచులకు అరచేత్తో తోసుకుంటా పోవాలి. అంచులు వెనక్కి మడిచి అతికించి, ఒక రోజంతా నీడలో ఉంచి బిగించాలి.

మూడోది, గాడుల్లో కొబ్బరినూనె. వద్దు. చీమకుర్తి గ్రానైట్ దుమ్ము దాంట్లో కలిస్తే సానరాయి ముద్దే. మెత్తటి బ్రష్షు, వ్యాక్యూమ్ చాలు. రోలరు తెర అంచు ఊడితే, తెర పూర్తిగా బయటికి లాగి, అంచును గాడిలోకి వేలితో కొద్దికొద్దిగా ఎక్కించుకుంటా పోవాలి. రోలరును మాత్రం ఇంట్లో విప్పబాకండి. బిగించి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడిపోతే వేళ్లు చితుకుతాయి.

నాలుగోది, జారిన గుడ్డను పట్టి ఉంచడానికి మెలితిప్పి గుచ్చే పిన్నులు. పది రోజులు నెట్టుకు రావడానికి తెర నడుమ గుచ్చితే తప్పు లేదు, అక్కడ ఒప్పుకుంటా. అయితే మెసేజి వాటిని తలుపుల పైన పక్క లైనింగుకు కూడా గుచ్చమంటుంది. కర్టెన్ ఎయిర్‌బ్యాగు (పక్క అద్దాలకు అడ్డంగా తెరలా దిగే గాలిసంచి) ఉన్న కార్లలో అది మడిచి ఉండేది అక్కడే! గుద్దుకున్నప్పుడు బ్యాగు విచ్చుకుంటే ఆ పిన్ను ఎవరి కంట్లోకి పోతుంది?

అయిదోది, "షోరూములో సెట్టు మొత్తం మార్చాలంటారు, నమ్మకండి" అని. ఇది చాలావరకు నిజం. అట్ట పగలకపోతే గుడ్డ మార్చుకుంటే సరిపోతుంది. నెల్లూరులో సీటు కవర్లు కుట్టేచోట రూఫ్ లైనింగు పని వచ్చినవాళ్లను అడగండి. బేరానికి ముందు రెండు అడగండి: పాత స్పాంజి మొత్తం గీకుతారా, ఏ గమ్ము కొడతారు? "పైనే అంటించేస్తాం సార్" అంటే బండి తిప్పుకుని వచ్చేయండి.